టైలరమ్మ దుకాణం నుంచి మెసేజ్

ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌తో కాలక్షేపం చేస్తుందని ఆ కోడలి గురించి పక్కవాటావాళ్ళు చెవులు కొరుక్కునేవారు. అనేవాళ్ళకేం, ఎన్నయినా అంటారు. ఆమె చేసేది చిన్న దుకాణాలకు సాఫ్ట్‌వేర్ అమర్చిపెట్టే పని. వస్తువు ఎవరిచ్చారు, పని ఎంతవరకు వచ్చింది, తయారయ్యాక ఎవరికి కబురు పంపాలి, ఇదంతా యజమాని బుర్రలో మోయకుండా దానంతటదే జరిగిపోయేలా చూడడం. కళ్ళజోళ్ళ షాపుకి చేసింది, మోటార్లు బాగుచేసే అతనికి చేసింది. భర్త లారీ ఎక్కితే వారానికిగాని దిగడు. కాబట్టి ఇల్లూ, ఆ పనీ, మామగారూ మూడూ ఆమె నెత్తినే ఉండేవి.

అసలు బెంగంతా మామగారితోనే. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఆయన కిటికీ పక్క కుర్చీలోంచి లేచేవారు కాదు. పెట్టింది కెలికి వదిలేసేవారు. పలకరిస్తే "ఊ" అనేవారు, అదీ మన అదృష్టం బాగుంటే. మనిషి కళ్ళముందే కరిగిపోతున్నాడు, ఇలాగైతే దక్కుతాడా అని కోడలికి లోపల ఒకటే గుబులు. డాక్టరు కూడా, మందుల మాట తర్వాత, ముందు నాలుగడుగులు బయటకి వేయించండి అన్నాడు. వేయించడం ఎవరి తరం?

ఆ రోజుల్లోనే కోడలు వీధి చివరి టైలరమ్మ దుకాణానికి అలాంటిదే పెట్టే పని ఒప్పుకుంది. బట్టలు కుట్టడం పూర్తయి కంప్యూటర్‌లో టిక్కు పెట్టగానే, ఇచ్చినవాళ్ళ ఫోనుకి మెసేజ్ వెళ్ళాలి: "టైలరమ్మ దుకాణంలో మీరు ఇచ్చిన బట్టలు సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడు వస్తారు?" జవాబు రాకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. సరిగ్గా వెళ్తోందో లేదో చూసుకోవడానికి ఉత్తుత్తి కస్టమరు ఒకరు కావలసివచ్చి, అల్మారా మీద పడి ఉండే మామగారి ఫోను నంబరు పెట్టేసింది. ఆయన దాన్ని ముట్టుకుంటే కదా! ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, చెప్పలేదు. పని కుదిరిందన్న సంబరంలో ఆ నంబరు తీసెయ్యడమూ మర్చిపోయింది.

రోజూ పొద్దున్నే మెసేజ్ వెళ్తూనే ఉంది. ఒకరోజు ఆమె పొయ్యి మీద కూర పడేసి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. గుమ్మంలో చెప్పులు లేవు, అల్మారా మీద ఫోను లేదు. అంతలో టైలరమ్మ ఫోన్ చేసింది. మీ మామగారు ఇక్కడున్నారు, వాళ్ళావిడ బట్టలేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు, నన్నేం చెప్పమంటావు అంది.

పొయ్యి కట్టేసి పరుగు పెట్టింది. ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుట్టుమిషను పక్క బల్లమీద ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. ఆ వాలకం చూసేసరికి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక దాచి లాభం లేదని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. అది తను పరీక్షకు పెట్టిన మెసేజని, అత్తయ్య ఇక్కడ ఏమీ ఇవ్వలేదని, చెప్పకుండా ఆయన నంబరు పెట్టడం తప్పేనని.

"మీ అత్తయ్య తన బట్టలు తనే కుట్టుకునేది కదమ్మా. బయట ఇచ్చి ఉండదని నాకు తెలీదా," అన్నారాయన.

"మరెందుకొచ్చారు మామయ్యా?"

ఆయన ఫోను ఆమె ముందుకు జరిపారు. "ఎప్పుడొస్తారని రోజూ అడుగుతోంది. నేను గడప దాటితే చాలు, ఆవిడా అదే అడిగేది. ఇప్పుడు నన్నెవరడుగుతున్నారు?"

టైలరమ్మ మిషను ఆపేసింది. కోడలు ఫోను అందుకుని ఆ మెసేజ్ మళ్ళీ చదివింది. మూడు పూటలా పెట్టింది, మందులు వేసింది, ఈ ఒక్కటీ తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే నంబరు తీసేసింది. పని అప్పజెప్పాలి, తప్పదు.

మర్నాడు పొద్దున మామగారు ఫోను చూసి, మళ్ళీ చూసి, అల్మారా మీద పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. ఆమె చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాలు అయిపోయాయి, కాస్త తెచ్చిపెట్టమంది. ఎంతోసేపటికి ఆయన లేచారు. గడప దాకా వెళ్ళనిచ్చి వెనకనుంచి అడిగింది.

"ఎప్పుడొస్తారు మామయ్యా?"

ఆయన గడప మీదే ఆగిపోయారు. వెనక్కి తిరగలేదు. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, "ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తా," అన్నారు.