బాలింత ఆర్కిడ్

ఆ రోజుల్లో నాకు మొక్కల కంటే మందుసీసాల మీద నమ్మకం ఎక్కువ. హార్టికల్చర్ డిప్లొమా చేతికి రాగానే తాడేపల్లిగూడెం దగ్గర ఒక నర్సరీలో చేరితే, ఓనరుగారు నన్ను తీసుకెళ్లి క్రోటన్ల దగ్గర పెట్టారు. (క్రోటన్లకు నీళ్లు పట్టడానికి డిప్లొమా ఎందుకు? ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.) ఆర్కిడ్లు ఇవ్వమని పోరగా పోరగా, పూలు రాలిపోయిన ఒక కుండీ నా చేతికిచ్చి, "క్రిస్మస్‌కి చర్చిలో పెడతానని మా ఆవిడ మాటిచ్చేసిందండి. ఈలోగా పూయించారా, ఆర్కిడ్లన్నీ మీవే. లేదంటే మళ్లీ క్రోటన్లే" అన్నారు.

"అదెంత పనండీ!" అని మొగ్గలు పుట్టించే సైటోకైనిన్ హార్మోన్ పేస్టు తెప్పించి, పాత పూలకాడ కణుపుల మీద పొర గీకి అగ్గిపుల్లతో రాశాను. రవ్వంత చాలని డబ్బా మీద రాసుంది గానీ నేను దండిగానే పట్టించాను. కొన్నాళ్లకు కణుపులు పచ్చగా ఉబ్బాయి. అందరినీ పిలిచి మరీ చూపించాను. తీరా విచ్చుకున్నాక చూస్తే బుల్లి ఆకులు, వాటి కింద తెల్లటి వేర్లు! మందు ఎక్కువై, దానికి మన ఉక్క తోడై, కాడ మీద పూలకు బదులు పిలకలు పుట్టాయి.

ఓనరుగారి భార్య వచ్చి కళ్లద్దాలు సవరించుకుని, "ఏవండీ, పూయిస్తానని పురుడు పోశారేంటండీ!" అన్నారు. నర్సరీ అంతా గొల్లుమంది.

"నవ్వకండమ్మా, శాస్త్రప్రకారం ఇదీ ఫలితమే."

"కాదన్నానా అండీ? పైగా కవలలు!"

మర్నాడు వెళ్లేసరికి పై ఆకుల మధ్య దూది కుక్కి ఉంది, బాలింతకు చలిగాలి సోకకుండా. పక్కన చిన్న గిన్నెలో పురుటాళ్లకు పెట్టే కాయం. (నెయ్యి కూడా వేశారు.) చర్చికి చామంతులు వెళ్లాయి, నేను క్రోటన్ల దగ్గరికి వెళ్లాను. నెల తిరక్కుండా ఒక పిలక అడిగి తీసుకుని ఆ ఉద్యోగమే మానేశాను.

ఏలూరులో మా మేడ మీద, ఏ మందూ రాయకుండానే, కొన్నేళ్లకు ఆ పిలక పూసింది. కుండీ ఒళ్లో పెట్టుకుని గూడెం బస్సెక్కాను. ఓనరుగారి భార్యతో అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వల్లెవేసుకున్నాను.

"అబ్బ, ఎంత బాగుందండీ! ఎక్కడ కొన్నారు?" అన్నారావిడ.

పురుడు, దూది, కాయం, అన్నీ వరసగా గుర్తుచేశాను.

"అయ్యో, నేనా? అంత మాటన్నానా అండీ? ఏమో, గుర్తే లేదు. కూర్చోండి, కాఫీ తాగుదురుగాని."

ఆ పంతాన్ని ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే మోశానన్నమాట. కుండీ వాటేసుకుని బస్సులో కూర్చున్న ఆ మొండివాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఆ కాఫీలో పంచదార మాత్రం తక్కువ వేశారు. అది మరిచిపోలేదు.