వియ్యపురాలి కోసం జపాన్ చాయ్ చెరిగిన నాడు

చాటలో బియ్యం చెరిగినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. చాయ్‌పత్తి చెరిగి ఇంటి పరువును మురికి మోరీలో కలిపిన మహానుభావుణ్ణి చూశారా? ఇదిగో, నేనే. నాలుగేళ్ల కిందటి మాట. అరవై దాటినా తెలివి అప్పుడప్పుడే మొలకెత్తుతున్న వయసు నాది.

కోదాడ నుంచి మా వియ్యపురాలు వస్తానంది. ఆమెకు పాల చాయ్ పడదు, జపాన్ చాయ్ ఒక్కటే తాగుతుంది. కిందటిసారి మా ఇంట్లో కప్పు ముట్టకుండానే లేచి వెళ్లిపోతే మా ఆవిడ లచ్చమ్మ చాన్నాళ్లు ఆ కప్పునే తలుచుకుని కుమిలింది. ఈసారి ఎలాగైనా తాగించాలి! సూర్యాపేటలో విదేశీ సరుకుల దుకాణం పెట్టారని విని, మిర్యాలగూడలో బస్సెక్కి వెళ్లి, అక్కడ అమ్మే పిల్ల దగ్గర పొట్లం కొని తెచ్చాను.

లచ్చమ్మ విప్పి చూసింది. "ఏందయ్యా, చాయ్‌పత్తిల బియ్యం ఉన్నయి?"

నిజమే! పచ్చటి ఆకుల మధ్య వేగిన గింజలు. నా నెత్తురు మరిగింది. బడికి పోకపోయినా రైస్ మిల్లులో, పాత పేపర్లలో లోకాన్ని చదివినవాణ్ణి. బియ్యంలో రాళ్లు కలిపేవాళ్లను చూశాను. బియ్యాన్నే తీసుకెళ్లి ఇంకోదాంట్లో కలిపే దొంగలను చూడటం అదే మొదలు. అదీ ఊరినిండా బియ్యం మిల్లులున్న మిర్యాలగూడవాడికా అమ్మేది!

"చాట తే!"

"ఆ దుకాణం పిల్లను ఓసారి అడుగరాదు?"

"నాకు సెప్తవా? మిల్లుల ఎంట్రుకలు నెరిసినోన్ని!"

వాకిట్లో నిలబడి చెరిగాను. చేతులకు ఏళ్ల తరబడి అలవాటు: ఎగిరేది పొట్టు, మిగిలేది సరుకు. ఆకంతా చిలకల గుంపులా లేచి మోరీలో వాలింది. చాటలో గింజలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"సూసినవా, ఎంత సాఫ్ జేసిన్నో!"

లచ్చమ్మ చాటలోకి చూసింది. మోరీలోకి చూసింది. "ఇగ చాయ్ ఏదయ్యా?"

తప్పు నాదైతే మాత్రం గొంతు తగ్గుతుందా? దుకాణానికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. ఆ పిల్ల ఓపిగ్గా అంది: "తాతా, గా చాయ్ గట్లనే ఉంటది. ఏంచిన బియ్యం కావాలనే కలుపుతరు."

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది.

లచ్చమ్మ నన్ను కళ్లతోనే కాల్చి, మిగిలిన గింజలనే మరిగించి వడగట్టింది. ఆ నీళ్లు గంజికి మనవరాలిలా ఉన్నాయి. వియ్యపురాలు కప్పెత్తింది. నేను గోడకానుకుని, తెలిసిన దేవుళ్లందరికీ కొబ్బరికాయలు మొక్కాను. ఆమె ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఇంకో గుక్క. కప్పు ఖాళీ!

"అన్నయ్యగారూ, ఎక్కడ కొన్నారండీ ఇంత శుభ్రమైన సరుకు? మా అబ్బాయి తెచ్చేదాంట్లో అన్నీ బియ్యపు గింజలేనండీ. కళ్లద్దాలు పెట్టుకుని ఏరి పారెయ్యలేక చస్తున్నాను!"

లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగు తీసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

"చెరగంది మేం తాగమమ్మా," అన్నాను గంభీరంగా.

"అయితే ఈసారి మా పొట్లం తెస్తాను, కాస్త చెరిగిపెడతారా?"

చాట పట్టనేల, చాయ్ పోగొట్టనేల! ఆ సాయంత్రమే చాటను పక్కింటివాళ్లకు దానమిచ్చేశాను. నా నెరిసిన మీసం మీద ఒట్టు, ఈ జన్మలో చాయ్ చెరగను. వియ్యపురాలు అడిగితే నాకు నడుం నొప్పని చెప్పండి.