మూడు గంటల తొవ్వ

దయ్యాలు గియ్యాలు అంటే నేను నవ్వేటోన్ని. బట్ట నేసే సాంచాలు నడిపేటోన్ని నేను. ఆ మోతల దయ్యమొచ్చి చెవుల అరిచినా ఇనవడదని మా కార్ఖానాల పరాచికమాడేది. ఇప్పుడు ఆ మాట అంటలేను.

మాది జగిత్యాల దిక్కు. సూరత్‌ల, నవాగామ్‌ల కిరాయికి ఉంటున్నం. మా తమ్ముడు రమేషు నా పక్కపొంటి నిలవడి పని నేర్చిండు. పెండ్లయినంక ఇక్కడి జీతం చాలక దుబాయి పోయిండు. పోయేటప్పుడు నేను ఏడుస్తే నవ్వుకుంట ఫోన్ల చూపెట్టిండు, సూరత్ నుంచి దుబాయికి విమానం మూడు గంటలేనని. "మనూరికి పోవాల్నంటే ఒక పగలు, ఒక రాత్రి. ఊరికన్నా నేనే దగ్గర ఉంట కదనే అన్నా" అన్నడు.

సాంచా మీద పడుగు అయిపోతే, దారం చుట్టిన కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటి అతకాలె. వేళ్లకు బూడిద రాసుకొని రెండు కొసలు కలిపి మెలి పెట్టుడే. రమేషుది ఎడమచెయ్యి వాటం. అందరి మెలి ఒక దిక్కు తిరిగితే వానిది ఉల్టా తిరుగుతది. పోగు ముట్టుకుంటే చాలు, వాని పని అని తెలిసేది.

నాకు ఈ మధ్య కండ్లు ఆనుతలెవ్వు. ఆ పొద్దున ఫోన్ల వానితోని అదే చెప్పుకున్న, ఇయ్యాల అతుకు పని ఉన్నదని. వచ్చే నెల సెలవు మీద సూరత్‌కే రావాలె వాడు, టికెట్ గూడ తీసిండు. "జర ఆగే అన్నా. మూడు గంటల తొవ్వ. నేనొచ్చి అతుకుత" అన్నడు.

సేటు ఆగుతడా? కూసున్న.

ఆ దినం కరెంటు బంద్. అందరు ఇండ్లకు పోయిండ్రు. సగం అతికి, నడుము పట్టేసి, వాకిట్ల మెట్టు మీద కూసోని డబ్బా తిన్న. కార్ఖానాకు అదొక్కటే తలుపు. లోపలికి ఎవరూ పోలే, బయటికి ఎవరూ రాలే.

తిని పోయి చూస్తే ఒక్క పోగు మిగల్లే. మొత్తం అతికి ఉన్నది. చెయ్యి పెట్టి చూసిన. ఉల్టా మెలి.

అంతట్ల మాతోని సాంచాలు నడిపే పాత కారీగరు రాజన్న వచ్చిండు. ఆయన పోగులు రెండు వేళ్ల నడుమ రాసి చూసి, మామూలుగనే అడిగిండు.

"రమేషు ఎప్పుడొచ్చిండు?"

నేను జవాబు చెప్పకముందే ఫోన్ మోగింది. దుబాయిల వాని రూముల ఉండే పిలగాడు. రమేషు పనికాడ ఛాతి పట్టుకొని కూలవడ్డడట, దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయిందట.

నేనే అతికి మర్చిపోయిన్నేమో అని శానసార్లు అనుకున్న. కని సగం బీము అంటే గంటల పని, నేను తిన్నది ఒక డబ్బా అన్నం. ఇగ నా చెయ్యికి ఆ మెలి రానే రాదు. రాజన్న చూడకపోతే నా పిచ్చి అనుకొని ఊకుందును.

మూడు గంటల తొవ్వ. కాయిదాలని, సంతకాలని, వాని శవం పెట్టె రానీకి వారాలు పట్టింది. అది గూడ సూరత్‌కు రాలే, హైదరాబాద్ మీదికెల్లి మా ఊరికి పోయింది. మొఖం సరిగ చూడనియ్యలే.

ఇది ఏందో నాకు ఇయ్యాలటికి తెల్వది. ఎవరన్న చెప్తే ఇంట. నా దుఃఖం అది గాదు. అంత దూరం వచ్చినోడు, నా పని చేసి పెట్టినోడు, నేను మెట్టు మీదనే ఉన్న కదరా తమ్మీ, అన్నా అని ఒక్కసారి పిలిస్తే ఏమాయె.