చెంగల్రాయుడి ఆండ్రాయిడ్

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీలు తూకం వేసే చెంగల్రాయుడు రోజూ ఉదయం తువ్వాలు కొసతో ఫోను తుడిచి, మీసం దువ్వుకుని, దానికి ముఖం చూపించేవాడు. అది తెరుచుకోగానే నవ్వేవాడు. బావమరిది ధనశేఖర్ చేతిలో ఐఫోను కనబడితే చాలు, "ఆండ్రాయిడంటే పల్లె బస్సప్పా, ఎవురైనా ఎక్కచ్చు. నీది పెండ్లికొడుకు కారు, పిలిచినోళ్లే ఎక్కాల" అనేవాడు. తిరుమలలో మొక్కు తీర్చుకునే ముందు ఇద్దరూ పందెం వేసుకున్నారు. గుండు చేయించుకున్నాక ఫోను ఎవరిని గుర్తుపట్టకపోతే వాళ్లు అవతలి ఫోనుకు మారిపోవాలి.

నున్నటి తలల మీద గంధంతో ఇద్దరూ బయటికి వచ్చారు. ధనశేఖర్ ఫోను వెంటనే తెరుచుకుంది. చెంగల్రాయుడు మూడుసార్లు ముఖం చూపినా అతని ఫోను తెరుచుకోలేదు.

"ఓడిపోయినావు బావా! రేపే ఐఫోను కొనాల."

"యాడ ఓడిపోయినాను? ముక్కూ మొగం తెలీనోడికి తలుపు తీయలేదు సూడు, కాపలా అంటే అదీ! నీది ఎవురో గుండోడొస్తే తీసేసింది."

ధనశేఖర్ కడుపు పట్టుకుని నవ్వుతుంటే, చెంగల్రాయుడు మెట్టు మీద కూర్చుని అంకెలు నొక్కి ఫోను తెరిచాడు. కొత్త ముఖం నమోదు చేయడానికి దాన్ని ఎదురుగా పట్టుకుని మెల్లగా అన్నాడు.

"నేనేలేరా, బయపడొద్దు."