హూనా, విచ్చా?

మార్కాపురంలో బస్సెక్కినప్పటి నుంచీ నోట్సు తిరగేస్తూనే ఉన్నాను. గిద్దలూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు. అప్పటికే రెండు బళ్ళలో వద్దన్నారు. "మనుషులకు హూ, వస్తువులకు విచ్" అని పాఠం గొణుక్కుంటున్నాను.

పక్క సీట్లో ఉన్నామె అంతా విని అడిగింది. "మా ఇంటాయన నన్ను 'అది' అంటాడమ్మా. మరి నేను హూనా, విచ్చా?"

నవ్వబోయి ఆగాను. "హూనే అక్కా."

ఆమె కంభంలో దిగింది. కింద బండి మీదున్న భర్త ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు. "ఆఁ, అది దిగింది. వస్తన్నాం." ఆమె తలెత్తి నా కిటికీ వైపు చూసింది.

డెమోలో హెడ్మాస్టరు మొదట అడిగింది చాలా సులువైన ప్రశ్న.

"'ఇట్' అంటే తెలుగులో ఏందమ్మా?"

బోర్డు మీద 'అ' అని రాసి, సుద్దముక్క పక్కన పెట్టేశాను.