నాగక్క, శివలీల పక్కపక్కన లేకుండా

ఆలూరు దగ్గర ఓ పల్లెలో పత్తిచేలల్లో కలుపు తీసే మహాదేవికి ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ పాసైంది. బ్యాంకు క్లర్కు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్ది మార్కుల తేడాతో తప్పింది. మనుషుల్ని ఎన్ని రకాలుగా వరుసలో కూర్చోబెట్టవచ్చో అడిగే లెక్కలంటే ఆమెకు భయం. ప్రస్తారాలు అన్న మాట కనబడితే పేజీ తిప్పేసేది.

మూడోసారి దరఖాస్తు పెట్టాక పట్టుబట్టి ఆ పాఠంతోనే మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం సద్ది తిని, చేనిగట్టు మీద ఓ లెక్క ముందేసుకుంది. ఐదుగురు వరుసగా కూర్చోవాలి, వాళ్ళలో ఇద్దరు పక్కపక్కన ఉండకూడదు. ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది. ముప్పై దాటాక, రాసిందే మళ్ళీ రాస్తున్నానని తెలిసి నోటుపుస్తకం మూసేసింది.

మహాదేవి పనిచేసే కూలి గుంపుకు పెద్ద, ఆమె తల్లి వెంకటేశ్వరమ్మే. బడి మొహం చూడని మనిషి. రోజూ ఎవరికి ఏ సాలో చెప్పేది ఆమే.

"ఏమైందే, అట్ల మొగం పెట్టుకోనుండావు?"

మహాదేవి లెక్క చెప్పింది.

"మన నాగక్క, శివలీల మాదిరే గదా!" అని తల్లి నవ్వింది. కొళాయి దగ్గర పోట్లాడుకున్నప్పటి నుంచి గుంపులోని ఆ ఇద్దరూ పక్క సాళ్ళలో నిలబడటం లేదు.

"నువ్వెట్ల నిలబెడతాండావు మా?"

"వాల్లిద్దరూ పక్కన పడేటివి తీసేస్తా. మిగిలినవన్నీ మంచివే గదా."

మహాదేవి గబగబా పెన్ను తీసింది. ఐదుగురినీ కూర్చోబెట్టే తీర్లు మొత్తం నూట ఇరవై. ఇద్దరినీ ఒక్క మనిషిగా కట్టేస్తే నలుగురు, అంటే ఇరవై నాలుగు తీర్లు. వాళ్ళు అటూ ఇటూ మారితే నలభై ఎనిమిది. తీసేస్తే డెబ్బై రెండు. వెనక పేజీలో జవాబూ అదే.

"వచ్చిందిమా!" అని అరిచింది.

"యాడ పాము?" అంటూ నాగక్క కొడవలితో పరుగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత రోజూ పది లెక్కలు చేసింది. కర్నూలులో పరీక్షకు అలాంటివి మూడొచ్చాయి. రెండు చేసింది, మూడోది తప్పింది. అయినా రాజంపేట బ్యాంకులో ఉద్యోగం వచ్చింది.

"రాజంపేట యాడుండాది?" అని అడిగింది తల్లి.

"కడప దాటి పోవల్ల మా. శానా దూరం. నెలకొకసారి వస్తా."

వెంకటేశ్వరమ్మ అంది: "గాలి ఆడే రూము చూసుకో. బాడిగ ఎక్కువైనా సరే."