కత్తెరక్క తిరగేసిన బోర్డు

కత్తెరక్క అసలు పేరేమిటో కనుక్కోవాలన్న ఆలోచన ఆ వీధిలో ఎవరికీ రాలేదు. వీధి చివర రెండు కుర్చీల పార్లరు ఆవిడది. జుట్టు కత్తిరిస్తుంది, రంగు వేస్తుంది, గోళ్లకు పాలిష్ పెడుతుంది, ఈలోగా మీ ఇంటి సంగతులన్నీ మీ చేతే చెప్పించేస్తుంది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ కత్తెరక్కే. బస్సు కండక్టరైన వాళ్లాయన కూడా ఇంట్లో ఆ పేరుతోనే పిలుస్తాడు, కాకపోతే కత్తెర అన్నచోట కాస్త ఎక్కువ ఒత్తుతాడు.

ఆవిడకు కరెంటు పిచ్చి పట్టించింది ఒక హెయిర్ డ్రయ్యర్. ఒకావిడ తల సగం ఆరాక అది గుర్రుమని ఆగిపోయింది. రిపేరు కొట్టుకు పట్టుకెళ్తే అక్కడి పెద్దమనిషి దాన్ని ముట్టుకోకుండానే కొత్తది కొనుక్కోమన్నాడు. కత్తెరక్కకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మరలు విప్పింది. లోపల మోటారుకు వెంట్రుకలు చుట్టుకుపోయి పెద్ద చిక్కు పడి ఉంది. చిక్కు తీయడం తన వృత్తే కదా అని దువ్వెన అందుకుంది. డ్రయ్యర్ మళ్లీ ఊదింది. అంతే, ఇక ఆ ఇంట్లో ఏ వస్తువుకూ ఒంటి మీద మరలు నిలవలేదు. రేడియో విప్పింది, ఇస్త్రీపెట్టె విప్పింది, గోడ గడియారం విప్పి మళ్లీ బిగిస్తే అది కొంతకాలం వెనక్కి నడిచింది. వాళ్లాయనకు వైరు చూస్తే వణుకు. ఆవిడ టంకం పెట్టుకుని కూర్చుంటే ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు.

ఈ పిచ్చిలో ఆవిడకు దొరికిన జతగత్తె అత్తగారు. పార్లరులో పాతబడ్డ తిరిగే కుర్చీ ఒకటి ఇంటికి చేరి, కిటికీ దగ్గర అత్తగారి సింహాసనమైంది. ఆవిడ అందులో కూర్చుని ఉన్ని అల్లుతూ, వీధి చూస్తూ, విసుగొస్తే కాలితో తన్ని ఒక చుట్టు తిరిగేవారు. ఆ వయసులో కళ్లు తిరగవా అని ఎవరైనా అడిగితే, కళ్లతోపాటు నేనూ తిరుగుతున్నానుగా, ఇంక తేడా ఏముంది అనేవారు.

అత్తగారికి చెవులు మెల్లమెల్లగా పోయి, చివరికి పూర్తిగా పోయాయి. పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తారు. తన గొంతు మాత్రం తనకు తెలియదు కాబట్టి ఆవిడ గుసగుసగా చెప్పిన రహస్యం పక్కింటి దాకా వెళ్లి కూర్చుంటుంది. "మాటలు పోతే పోయాయే అమ్మాయ్, మొహం చూసి తెలుసుకుంటాను. నవ్వుతోనే చిక్కు. వెనకాల ఎవరైనా నవ్వితే తెలీదు. ఇల్లంతా మూగదైపోయినట్టుంటుంది" అని ఒకసారి అన్నారు. కత్తెరక్క ఆ మాట మర్చిపోలేదు. అప్పటినుంచి ఆవిడ ఎదురుగా వచ్చి నవ్వడం అలవాటు చేసుకుంది.

అసలు గొడవ ఒక మధ్యాహ్నం మొదలైంది. అత్తగారి కూతురు, అంటే కత్తెరక్క ఆడపడుచు, చెప్పాపెట్టకుండా వేరే ఊరినుంచి దిగింది. కొడుకు బస్సు మీద, కోడలు పార్లరులో. ఆడపడుచు బెల్లు కొట్టింది, తలుపు బాదింది, పేరు పెట్టి పిలిచింది. లోపల అలికిడి లేదు. తాళాలవాణ్ణి పిలిపించి గడియ విరగ్గొట్టించింది. పరుగెత్తుకెళ్లి చూస్తే తల్లి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మేజోడు మడమ అల్లుతోంది.

ఆడపడుచు ముందు ఏడ్చింది, తర్వాత మండిపడింది. "అమ్మని ఇలా ఒక్కర్తినే ఎలా వదిలేస్తారు? మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటాం. వచ్చే ఆదివారం వచ్చి అమ్మని తీసుకెళ్లిపోతా" అంది.

"వదినా, బెల్లు సంగతి నేను చూస్తాలే" అంది కత్తెరక్క.

"ఏం చూస్తావ్? గోడకి ఆ లైటు పెట్టారుగా, అదేం చేసింది?"

నిజమే. కొట్లో కొన్న లైటు బెల్లు గోడమీద శుభ్రంగా వెలుగుతుంది. అత్తగారి చూపు కిటికీలోంచి వీధిలోకి ఉంటే, ఆ లైటు ఆవిడ జడముడికి సైగలు చేస్తూ ఉంటుంది.

అత్తగారు ఇద్దరి పెదవులూ మార్చి మార్చి చూశారు. "నన్ను అడగరేం? నా కుర్చీ ఇక్కడుంది. నేను రాను" అన్నారు, వీధి వీధంతా వినేలా. ఆ తర్వాత కుర్చీ కిటికీ వైపు తిప్పేసుకున్నారు. వెనకనుంచి ఆవిడ కుంగిన భుజాలు చూసి కూతురికి మనసు కరిగింది. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం ఆడపడుచు వచ్చి బెల్లు కొడుతుంది. కత్తెరక్క ఆవిడ పక్కనే బయట నిలబడాలి. లోపల ఒంటరిగా ఉన్న అత్తగారు తనంతట తాను వచ్చి తలుపు తీస్తే సరే. లేకపోతే పెట్టె సర్దాల్సిందే.

కత్తెరక్కకు అత్తగారు లేని ఇల్లు ఊహకే అందలేదు. పార్లరు మూసి ఇంటికొస్తే రోజు కబుర్లు ఎవరికి చెప్పాలి? విప్పిన మరలు ఎవరు పట్టుకుంటారు? ఆ భయం లోపల కూర్చున్నా, చేతులకు మాత్రం పండగొచ్చినట్టైంది. ఆలోచన అప్పటికే తట్టేసింది. వెలిగే బెల్లు వద్దు, కుదిపే బెల్లు కావాలి. పాడైన ట్రిమ్మరు మోటారు కుర్చీ దిండు కింద పెడితే, గుమ్మం దగ్గర నొక్కగానే అది ఆగి ఆగి కుర్చీని కుదపాలి. అలా ఆగి ఆగి కుదపడానికి ఒక చిప్పు, ఆ చిప్పు కూర్చోవడానికి ఒక బోర్డు కావాలి.

విడిభాగాల కొట్టాయన రాగి రేకు అంటించిన పలక, చిప్పులు రెండు, కరెంటు దారులు కాయితం మీద గీసిన బొమ్మ ఇచ్చాడు. "చిప్పు ఒకటి చాలుగా" అంటే, "మొదటిది ఎలాగూ కాలుస్తావక్కా" అన్నాడు. పోతూపోతూ ఒక మాట చెప్పాడు. "ఈ బొమ్మ చిప్పు పైనుంచి చూస్తే కనపడేది. రాగి అడుగువైపు ఉంటుంది. అందుకని రాగి మీద గీసేప్పుడు అద్దంలో చూసినట్టు తిరగేసి గియ్యాలి, మర్చిపోకు."

అద్దం సంగతి నాకా చెబుతున్నాడు అని కత్తెరక్క నవ్వుకుంది. మర్నాడు పార్లరు ఖాళీగా ఉన్న వేళ ఆ కాయితాన్ని అద్దానికి ఎదురుగా నిలబెట్టింది. అద్దంలోని బొమ్మను చూస్తూ, సన్నటి కుంచెతో ఎర్ర నెయిల్ పాలిష్ ముంచి రాగి మీద దారులు గీసింది. పాలిష్ కింద రాగి భద్రంగా ఉంటుంది, మిగతాది కరిగిపోతుంది. అదీ ఉపాయం. గీత పక్కన గీత, చిటికెన వేలి గోరు అంచంత సన్నగా. అంత అందంగా ఏ పెళ్లికూతురి గోళ్లకూ ఆవిడ పెట్టి ఉండదు.

కరిగించే పని ఇంట్లో, బాల్కనీలో. వంటింట్లో చేస్తే విడాకులే అని వాళ్లాయన ముందే చెప్పాడు. జుట్టు రంగు కలిపే పాత ప్లాస్టిక్ గిన్నెలో వెనిగర్ పోసి, ఉప్పు వేసి, పార్లరునుంచి తెచ్చిన పెరాక్సైడ్ కలిపారు. అత్తాకోడళ్లిద్దరూ చేతులకు రంగు వేసే తొడుగులు వేసుకున్నారు. బోర్డు ముంచగానే రాగి ఒంటినిండా సన్నటి బుడగలు లేచాయి. నీళ్లలా ఉన్నది కాస్తా మెల్లగా ఆకుపచ్చకు తిరిగింది.

"రంగొస్తోందే" అన్నారు అత్తగారు.

"గిన్నె ఊపుతూ ఉండాలి అత్తయ్యా. ఆపితే ఒకచోటే కరుగుతుంది."

"ముగ్గుర్ని ఊపి పెంచాను, ఇదో లెక్కా?" అని గిన్నె లాక్కున్నారు ఆవిడ. నిజంగానే ఊపారు, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు. పాట కూడా ఎత్తుకున్నారు. ఆ పాట వీధిలో ఎంతదూరం వెళ్లిందో ఆవిడకు తెలియదు, కత్తెరక్క చెప్పలేదు. రాగి అంచులు పలచబడి, మాయమై, ఎర్ర గీతలు మాత్రం మిగిలాయి. పాలిష్ తుడిచే మందుతో రుద్దితే వాటికింద రాగి దారులు కొత్త పెళ్లికొడుకుల్లా మెరిశాయి.

ఇక మిగిలింది గుమ్మం దగ్గర నొక్కే మీట. అందుకు స్టీలు జడక్లిప్పు రేకు బాగుంటుందని కత్తెరక్క అనుకుంది, కానీ స్టీలుకు టంకం అంటదు. దానికీ ఇంటి వైద్యమే. ఇంకో గిన్నెలో ఉప్పు కలిపిన వెనిగర్, బ్యాటరీ తీగ ఒకటి రాగి ముక్కకు, ఇంకోటి క్లిప్పుకు. కాసేపటికి క్లిప్పు గులాబీ రంగు రాగి చొక్కా తొడుక్కుంది. అది చూసి అత్తగారికి పూనకం వచ్చింది. తలపిన్నులన్నీ తీసి వరసగా ముంచారు. అల్లికసూది ముంచారు. కొడుకు విజిలు ఎత్తుకుపోతుంటే ఆయన గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. "అమ్మా, అది డ్యూటీది" అన్నాడు పాపం, ఎదురుగా వచ్చి, ఒక్కో అక్షరం విడదీసి.

"బంగారం చేసిస్తాన్రా వెధవా" అన్నారు ఆవిడ.

శనివారం పొద్దున బోర్డుకు కన్నాలు పొడిచి, రాగి లేని వైపునుంచి చిప్పు కాళ్లు దూర్చి టంకం వేసి, బ్యాటరీ కలిపింది కత్తెరక్క. మోటారు కదల్లేదు. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. చిన్న పొగ, పాడు వాసన. కొట్టాయన జోస్యం ఫలించింది.

ఆవిడ బొమ్మా బోర్డూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. తిరగేసి ఉండాల్సింది, అచ్చం ఒకేలా ఉన్నాయి. కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా అద్దంలో చూస్తూ కత్తిరించే చెయ్యి. అద్దంలో కుడి కనపడితే ఎడమకు పోవడం దానికి ఊపిరి తీసినంత అలవాటు. బొమ్మను అద్దం తిరగేసింది, ఆ తిరగేసినదాన్ని ఆవిడ చెయ్యి అడక్కుండానే సరిచేసేసింది. ఊళ్లోవాళ్ల తలలు పట్టుకునే మనిషి ఆ పూట తన తల పట్టుకుంది. మళ్లీ గీద్దామంటే రాగి పలక లేదు, కొట్టాయన ఊళ్లో లేడు. తెల్లారితే ఆదివారం.

అత్తగారు కోడలి మొహం చూశారు. కుర్చీలో కూర్చుని కాలితో తన్ని ఒక చుట్టు తిరిగారు, ఇంకో చుట్టు తిరిగారు. "నా జడ వెనక ఎలా ఉందో చూపించడానికి అప్పుడేం చేసేదానివే? గుర్తుందా, అద్దం పట్టుకుని వెనక చేరేదానివి. నేను వద్దని కుర్చీ తిప్పేసేదాన్ని" అన్నారు, తిరుగుతూనే. కోడలి దిగులు పోగొట్టడానికి ఏదో ఒకటి మాట్లాడుతున్నారంతే.

కత్తెరక్క ఆ తిరిగే కుర్చీనే చూస్తూ ఉండిపోయింది. అద్దాన్ని కదపలేకపోతే కూర్చున్నవాళ్లని తిప్పాలి. దారులు తిరగబడకపోతే ఏం, చిప్పును తెచ్చి ఈ పక్క కూర్చోబెడితే సరి. రాగి వైపునుంచి చూస్తే బొమ్మ బొమ్మలాగే ఉంది, చిప్పు కూడా రాగి వైపే కూర్చుంటే ఏ కాలు దగ్గరికి ఆ దారే వస్తుంది. కాలిన చిప్పును పీకేసి, రెండో చిప్పు కాళ్లు చీలదీసి, రాగి మీదే నిలబెట్టి, ఊపిరి బిగబట్టి టంకం వేసింది. ఈసారి బ్యాటరీ పెట్టి మీట నొక్కగానే దిండు కింద మోటారు గుడుగుడుమంది.

అత్తగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. తర్వాత మళ్లీ కూర్చుని, మళ్లీ నొక్కమన్నారు. ఆ రోజు వంట ఆలస్యమైంది.

ఆదివారం ఆడపడుచు ఖాళీ పెట్టెతో సహా దిగింది. గుమ్మం దగ్గర కత్తెరక్క పక్కనే నిలబడింది. రాగి పూసిన మీటను అనుమానంగా చూసి నొక్కింది. దిండు కింద మోటారు చప్పుడు బయటికి రాదు. తలుపు కదల్లేదు. మళ్లీ నొక్కింది. తీగ ఊడిందా, చిప్పు కాలిందా, అత్తగారు స్నానానికి వెళ్లారా అని కత్తెరక్క బుర్రలో మోటారు తిరిగింది. ఆడపడుచు కళ్లల్లో నీళ్లు. మూడోసారి నొక్కుతూ, "ఇందుకే చెప్పాను" అంటూండగా తలుపు తెరుచుకుంది.

తలనిండా రాగి పిన్నులతో అత్తగారు.

"ఎన్నిసార్లు నొక్కుతావే? మొదటిసారికే తెలిసింది. నడుముకి హాయిగా ఉందని ఇంకాసేపు కూర్చున్నాను" అన్నారు.

ఆడపడుచు తల్లిని వాటేసుకుంది. కత్తెరక్క అక్కడే మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. అత్తగారు మాత్రం ఇద్దర్నీ పట్టించుకోకుండా, కూతుర్ని లోపలికి లాక్కెళ్లి సింహాసనంలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు.

"కదలకు" అని చెప్పి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, మీట తానే నొక్కారు.

లోపలినుంచి ఒక కేక, ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వుతున్న నవ్వు వచ్చింది. ఆగి ఆగి, మోటారు కుదిపినప్పుడల్లా కొత్తగా లేస్తూ. అత్తగారు తలుపు మీద అరచెయ్యి ఆనించి కోడలి మొహం చూశారు.

"ఏమంటోందే?"

కత్తెరక్క ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు బాగా కదిపి చెప్పింది. "నవ్వుతోంది అత్తయ్యా."

అత్తగారు మళ్లీ నొక్కారు.